జీపులో దిద్దిన జాబితా

క్యాంపు గుమాస్తా అంటే

నా పేరు ఎస్తేరు రాణి. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ కొలువు చేసి విజయనగరంలో రిటైరయ్యాను. ఏ శాఖో చెప్పను. సముద్రం మీద బతికేవాళ్లతో పని ఉన్న శాఖ అనుకోండి, చాలు. మొదట టైపిస్టుని, తర్వాత స్టెనోని, చివరి ఎనిమిదేళ్లూ ఆఫీసరుగారి వెనక జీపులో తిరిగే క్యాంపు గుమాస్తాని.

మా తమ్ముడి కూతురు ఈ మధ్యనే ఇలాంటి ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికే ఫోను చేసి, "అత్తా, ప్రయాణంలో ఆఫీసు కాగితాలు దిద్దుకోడానికి చవగ్గా ఏది కొనుక్కోమంటావు?" అని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పబోయాను, కుదరలేదు. అందుకే ఇది రాస్తున్నాను. దానికే కాదు, ఆ సీట్లో కూర్చోబోయే ఎవరికైనా.

క్యాంపు గుమాస్తా పని ఏమిటో ఉద్యోగ నియమావళిలో ఏదో రాసి ఉంటుంది. అది నమ్మకండి. ఆఫీసరు ముందు సీట్లో కూర్చుని మనసు మార్చుకుంటూ ఉంటాడు, గుమాస్తా వెనక సీట్లో కూర్చుని కాగితం మారుస్తూ ఉండాలి. అదీ పని. నెల్లిమర్ల దాటేటప్పుడు "సుమారుగా" అని ఉన్న మాట చీపురుపల్లి దగ్గరికి వచ్చేసరికి "ఖచ్చితంగా" అవుతుంది. రాజాం చేరేసరికి ఆ పేరా మొత్తం ఎగిరిపోతుంది. మీటింగు హాలు మెట్లెక్కుతూ ఆఫీసరు చెయ్యి చాపుతాడు. ఆ చేతిలో శుద్ధ ప్రతి పెట్టాలి. అప్పుడు ఆయన దాన్ని చదవకుండా నోటికి వచ్చింది మాట్లాడతాడు.

పెద్ద పెట్టె

నేను ఎక్కువ కాలం పనిచేసింది వెంకటరత్నంగారి దగ్గర. దుర్మార్గుడేమీ కాదు. లంచం ముట్టేవాడు కాదు, ఆడవాళ్లతో మర్యాదగా ఉండేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే: ఖరీదైన వస్తువు పక్కనుంటే తెలివి దానంతట అదే వస్తుందనుకునేవాడు.

ఆయన ఒత్తిడి మీద ఆఫీసుకు పెద్ద లాప్‌టాప్ ఒకటి వచ్చింది. దాని సంచి మోయడానికి ఒకరు, చార్జరు మోయడానికి ఇంకొకరు కావాలి. జీపులో దాని చోటు వెనక సీటు. నా చోటు దాని పక్కన మిగిలినంత. మా డ్రైవరు అప్పలనాయుడు దానికి కూడా సీటు బెల్టు పెట్టేవాడు.

"ఏటి నాయుడూ, నాకు పెట్టవేం బెల్టు?" అని అడిగితే, "నువ్వు పడితే లెగిసి కూకుంటావక్కా. అది పడితే నా ఉజ్జోగం పోతాది" అనేవాడు.

రాజాంలో ఒక కాలేజీ హాల్లో సమావేశం పెట్టారు. వ్యాపారులు, సంఘాల పెద్దలు, పక్క శాఖల ఆఫీసర్లు అందరూ వచ్చారు. వెంకటరత్నంగారు పెట్టె తెరిచి గోడ మీద బొమ్మ పడేటట్టు తీగ తగిలించారు. సరిగ్గా అప్పుడే ఆ యంత్రానికి తనను తాను నవీకరించుకోవాలని బుద్ధి పుట్టింది. గోడ మీద చిన్న చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. కింద, దయచేసి ఆపవద్దని ఒక విన్నపం.

"రెండు నిమిషాలు" అన్నారు వెంకటరత్నంగారు. అరగంట గడిచింది. హాలు మొత్తం ఆ చుక్కల వంక చూస్తూ కూర్చుంది. ఆ అరగంటా ఆయన యంత్రం గొప్పతనం గురించి మాట్లాడారు. చివరికి ముందు వరసలో ఉన్న ఒక ధాన్యం వ్యాపారి లేచి, "బాబూ, అది తిరగడం ఆగినాక కబురు పెట్టండి, నాను కొట్లో ఉంటాను" అని వెళ్లిపోయాడు. అతని వెనకే సగం మంది లేచారు.

ఆ రోజు నాకు అర్థమైంది. బయట పనికి వచ్చే వస్తువు గొప్పది కానక్కర్లేదు. తెరవగానే తెరుచుకోవాలి. పోతే ఏడుపు రాకూడదు.

నా చవక సరుకు

రాజాంలోనే ఇంజనీరింగు చదువు ముగించుకుని వెళ్లిపోతున్న ఒకమ్మాయి దగ్గర చిన్న లాప్‌టాప్ ఒకటి నా సొంత డబ్బుతో కొన్నాను. బైబిలంత ఉండేది. తెర చిన్నది, నడక నిదానం. "డ" అక్షరం మీట ఊడిపోయి ఉండేది. దాని అడుగునున్న రబ్బరు బుడిపెను గోరుతో నొక్కేదాన్ని. కానీ ఒళ్లో పెట్టుకుంటే ఒదిగిపోయేది, జీపు కుదుపుకు చెదరేది కాదు. డబ్బు కట్టక్కర్లేని ఆఫీసు సాఫ్ట్‌వేరు ఒకటి అందులో వేయించుకున్నాను. ఉత్తరం రాయడానికి, పట్టిక గీయడానికి, కూడికలకు అంతకు మించి ఏ ప్రభుత్వానికీ అవసరం లేదని నా అభిప్రాయం. రిటైరయ్యాక కూడా అదే అభిప్రాయం.

దాని కంటే చవకైంది పెన్ డ్రైవు. ఫైళ్లే కాదు, ఆ ఉచిత సాఫ్ట్‌వేరు కూడా అందులోనే పెట్టుకోవచ్చని మా చర్చిలో పియానో వాయించే కుర్రదంపతులు నేర్పారు. ఏ ఊళ్లో ఏ నెట్ సెంటరుకు వెళ్లినా అక్కడి కంప్యూటరుకు గుచ్చి, మన పని మనం చేసుకుని, పీక్కుని వచ్చేయొచ్చు. పోకుండా దాన్ని తాడు కట్టి మెడలో వేసుకున్నాను. అప్పటికే గొలుసుకు చిన్న సిలువ ఉంది.

అప్పలనాయుడు అద్దంలోంచి చూసి, "అక్కా, ఆ రెంటిలో నిన్ను ఏది కాపాడతాది?" అన్నాడు.

"ఒకటి నన్ను, ఒకటి ఆఫీసరుగారిని" అన్నాను.

ఆఫీసరుగారిని అదేమీ కాపాడలేదు. బస్టాండు పక్కన ఒక నెట్ సెంటరులో దానికి వైరస్ అంటుకుంది. తెరిస్తే నా ఫైళ్లు ఒక్కటీ లేవు. వాటి పేర్లతో బాణం గుర్తు బొమ్మలున్నాయి. నొక్కితే ఏమీ రాదు. సరేలే ఇంకో చోట చూద్దామని శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో గుచ్చాను, పాలకొండలో ఒక ఆఫీసులో గుచ్చాను, బొబ్బిలిలో ఇంకో ఆఫీసులో గుచ్చాను. గుచ్చిన ప్రతి కంప్యూటరుకూ ఆ జబ్బు ఎక్కించి వచ్చాను. తర్వాత నెల రోజులు రెండు జిల్లాల్లోనూ "ఈ బాణాలు ఎక్కణ్నుంచి వచ్చాయి" అని గుమాస్తాలు ఒకరినొకరు తిట్టుకుంటుంటే, నేను కూడా వాళ్లతో కలిసి ఆ పాపాత్ముణ్ని తిట్టాను. ఈ సంగతి ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. పెన్ డ్రైవును ఊరివాళ్ల యంత్రాలకు గుచ్చేటట్టయితే, సొంత యంత్రానికి మళ్లీ గుచ్చే ముందు శుభ్రం చేయించుకోండి. ఇంకా మంచిది, ఫైలును ఎప్పటికప్పుడు మీ మెయిలుకు మీరే పంపుకోండి. సిగ్నలు ఉన్న చోట ఆ పని చాలా బాగా జరుగుతుంది. సిగ్నలు లేని చోట ఏ గొప్ప వస్తువూ పనిచేయదు.

మూడోది ఫోను. స్మార్టుఫోన్లు చవకయ్యాక నాకూ ఒకటి వచ్చింది. మడత పెట్టే చిన్న కీబోర్డు దానికి జత. రెండూ కలిపి చేతిసంచిలో పట్టేవి. నలుగురి ముందూ తీసి మడత విప్పితే గౌరవం కూడా దక్కేది. ఒక మాట తప్పు దిద్దడానికి, తేదీ మార్చడానికి ఫోనంత మంచి వస్తువు లేదు. పట్టికల దగ్గర మాత్రం దాన్ని నమ్మకండి. ఎందుకో చెబుతాను.

తెలుగు తెలియని తెలుగు

దానికంటే ముందు ఇంకో అవమానం ఉంది. ఆఫీసులో మేం టైపు చేసే పాత తెలుగు అక్షరాలు ఆఫీసు కంప్యూటర్లో మాత్రమే తెలుగు. ఇంకో యంత్రంలో తెరిస్తే అవి ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, దేశదేశాల గుర్తులుగా మారిపోతాయి. నాకది తెలుసు. తొందరలో మరిచిపోయాను.

శ్రీకాకుళంలో ఒక సభకు వెంకటరత్నంగారి ప్రసంగం టైపు చేసి, ఆయన కొత్తగా కొనుక్కున్న టాబ్లెట్‌కు పంపాను. ఆయన వేదికెక్కి టాబ్లెట్ తెరిచారు. మొదటి వరుస చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. నేను ఆయనకు ఇంగ్లీషులో ప్రసంగం రాశానని అనుకున్నారు పాపం. ఆ ఇంగ్లీషు తనకు రానందుకు సిగ్గుపడి, "సోదర సోదరీమణులారా" అని సొంతంగా మొదలుపెట్టి, సోదరుల గురించే పది నిమిషాలు మాట్లాడి దిగిపోయారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చేసిన వాటిల్లో అదే మంచి ప్రసంగం.

దిగాక నన్ను పక్కకు పిలిచి, "ఎస్తేరుగారూ, ఇంత కఠినమైన ఇంగ్లీషు ఎందుకండీ మన జనానికి?" అన్నారు. నేను "ఇకముందు తేలిగ్గా రాస్తాను సార్" అన్నాను. నిజం చెప్పలేదు. ఆయన ముందు అది నా మొదటి పిరికితనం. దాన్నుంచి నేను పాఠం నేర్చుకుని ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదేమో.

యంత్రం పాఠం మాత్రం నేర్చుకున్నాను. అన్ని చోట్లా కనిపించే యూనికోడ్ తెలుగులోనే టైపు చేయడం మొదలుపెట్టాను. ఏ కాగితమైనా ముందు అప్పలనాయుడి ఫోనుకు పంపేదాన్ని. అది మా అందరిలోకీ నాసిరకం ఫోను. దాని గాజు పగిలి సాలెగూడులా ఉండేది. అందులో తెలుగు తెలుగుగా కనిపిస్తే ఇంకెక్కడైనా కనిపిస్తుంది. మీరూ అటువంటి ఫోను ఉన్నవాణ్ని ఒకణ్ని స్నేహం చేసుకోండి.

ముప్పై నాలుగు పేర్లు

ఇక అసలు సంగతి.

రాష్ట్రం రెండయిన తర్వాతి రోజులు. ఒక తుఫాను మా తీరాన్ని తాకి పోయింది. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉంది. పేరు వద్దు. తుఫానుకు ముందు ఆ పల్లె నుంచి ముప్పై నాలుగు మంది వేటకు వెళ్లారు. ముప్పై ఒక్కరు తిరిగి వచ్చారు. ఒక పడవలో వెళ్లిన ముగ్గురి జాడ లేదు: దానయ్య, అతని తమ్ముడు పోలయ్య, వాళ్ల మేనమామ ఎర్రయ్య.

మా క్షేత్ర సహాయకుడు ఇల్లిల్లూ తిరిగి ఆ జాబితా తయారుచేసి నాకు పంపాడు. ఒక నిలువు వరసలో పేర్లు. ఆఖరి వరసలో "వచ్చారు" లేదా "రాలేదు". పడవల ప్రకారం రాశాడు, ఆ పడవ చివర వచ్చింది కాబట్టి, రాని ముగ్గురూ అడుగున ఉన్నారు.

మర్నాడు ఉదయం మేం పల్లెకు బయల్దేరాం. విజయనగరంలో మూడు రోజులుగా కరెంటు లేదు. నా చిన్న లాప్‌టాప్ చచ్చి ఇంట్లో పడుంది. ఆఫీసు వారి పెద్ద పెట్టె సంగతి అడగకండి. నా చేతిలో ఫోను ఒక్కటే, అదీ జీపులో చార్జింగు పెట్టుకుంటూ.

దారిలో రాజధాని కంట్రోల్ రూము నుంచి ఫోను. జాబితా వెంటనే కావాలి, అక్షర క్రమంలో కావాలి. ఎందుకు అక్షర క్రమం? తప్పిపోయినవాళ్లు అక్షర క్రమంలో దొరుకుతారా? ఆ ప్రశ్న వెంకటరత్నంగారు అడగలేదు, నేనూ అడగలేదు. "అయిపోయిందా ఎస్తేరుగారూ, అయిపోయిందా?" అని ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు.

ఫోను తెర మీద ఒకసారికి ఒకటిన్నర నిలువు వరస కనిపిస్తుంది. నేను పేర్ల వరస మీద వేలు పెట్టి, అక్షర క్రమం అని నొక్కాను. పేర్లు చకచకా సర్దుకున్నాయి. కిందికి జరిపి, పక్కకు జరిపి చూశాను. పైన అన్నీ "వచ్చారు", అడుగున మూడు "రాలేదు". సరిగ్గా ముందున్నట్టే ఉంది. అందుకే మోసపోయాను. కదిలింది పేర్లే. వాటితో పాటు కదలాల్సిన ఆఖరి వరస కదల్లేదు. జాతీయ రహదారి మీద సిగ్నలు బాగా ఉంది. పంపేశాను.

పల్లెలో తుఫాను షెల్టరు మెట్ల ముందు జనం చేరి ఉన్నారు. ఇద్దరు విలేకరులు కూడా ఉన్నారు. వాళ్లను చూడగానే వెంకటరత్నంగారికి హుషారు వచ్చింది. నా ఫోను అడిగి తీసుకుని పైకెత్తి చూపించారు. "చూడండి, కాగితం అక్కర్లేదు. దారిలోనే తయారుచేశాం. నేనే చదువుతాను" అన్నారు.

మొదటి రెండు మూడు పేర్లు మామూలుగానే జరిగాయి. "ఎర్రయ్య. వచ్చారు" అన్నారు. జనంలో చిన్న కలకలం రేగింది. ఆయన అది చప్పట్లకు ముందు వచ్చే సందడి అనుకున్నారు. ఇంకొన్ని పేర్లు చదివి, "దానయ్య. వచ్చారు" అన్నారు.

గోడకు జారబడి కూర్చున్న ఒకామె లేచి నిలబడింది. దానయ్య భార్య నూకాలమ్మ. చేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ విజయనగరం వచ్చే మనిషి. గొంతు సంత దాకా వినిపించేది. ఆ గొంతు ఆ క్షణాన పిల్ల గొంతులా ఉంది.

"ఎప్పుడొచ్చినాడు బాబూ? ఎక్కడున్నాడు?"

"వచ్చాడమ్మా. జాబితాలో ఉంది" అన్నారు వెంకటరత్నంగారు.

"ఆస్పత్రిలో పెట్టినారేటి? దెబ్బలు తగిల్నాయా? ఓలమ్మ, ఎవులైనా సెప్పండి! ఒసే పాపా, మీ అయ్య వచ్చినాడంటే!" పక్కనున్న కూతుర్ని, పోలయ్య భార్యను ఒకేసారి కావలించుకుంది. ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు సముద్రం వైపు తిరిగి దండం పెట్టారు.

దానయ్య పేరు పక్కన "రాలేదు" ఉండాలని నాకు గుర్తొచ్చింది. మెట్లెక్కి ఆయన దగ్గరికి వెళ్లబోయాను. ఆయన చేత్తో వారించి చదువుతూనే ఉన్నారు. చివరికి వచ్చారు.

"సత్తయ్య. రాలేదు. సింహాచలం. రాలేదు. సూరయ్య. రాలేదు." గొంతు తగ్గించి, తల వంచి, "ప్రభుత్వం వీరి కుటుంబాలకు అండగా ఉంటుంది" అన్నారు.

వెనక వరసలో బీడీ కాలుస్తున్న ఒకాయన, "బాబూ, సూరయ్య నానే" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. "ఒరే సూరిగా, నువ్వు రానేదంటరా! ఎల్లిపో బేగి!" "సింహాచలం మావ పక్కనే ఉన్నాడు, ఆడూ రానేదంట!" ఎవరో ఈల వేశారు. నాలుగు రోజులుగా నవ్వని మనుషులు అలా నవ్వారు.

ఆ నవ్వు మధ్యలోనే నూకాలమ్మకు విషయం అర్థమైంది. ఆమె ముఖం మారడం చూసి జనం ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. ఆమె ఆఫీసరు దగ్గరికి పోలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఆయన ఫోను నా దగ్గర్నుంచి తీసుకోవడం చూసినట్టుంది.

"అంటే మా ఆయన రానేదా?"

"రాలేదమ్మా. తప్పు పడింది. నేనే చేశాను."

ఆమె నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

ఫోనులో చెప్పిన పేర్లు

వెంకటరత్నంగారు నన్ను షెల్టరు వెనక్కి తీసుకెళ్లారు. "సాంకేతిక లోపం అని చెప్పేద్దాం. రేపు ఆఫీసుకు పోయాక, సరిచూసి, కవరింగు లెటరుతో సవరించిన జాబితా పంపుదాం. ఇప్పుడే తప్పని చెబితే మన పరువేం కావాలి?"

"సార్, గాలి అటే కొట్టింది కాబట్టి కంట్రోల్ రూము వాళ్లు ఆ పేర్లు పక్కనున్న ఒడిశా వాళ్లకు ఇచ్చేసి ఉంటారు. అక్కడ సూరయ్య కోసం వెతుకుతుంటారు. దానయ్య కోసం ఎవరూ వెతకరు."

"సంతకం లేకుండా ఏదీ పంపడానికి వీల్లేదు" అని నా ఫోను నా చేతిలో పెట్టి ఆయన విలేకరుల వైపు వెళ్లారు.

సంతకం పెట్టమని నేను ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. జీపు దగ్గరికి నడిచాను. పల్లెలో సిగ్నలు లేదు, రహదారి దాకా పోవాలి. "నాయుడూ, పద" అన్నాను.

"సారో?"

"సారు మాట్లాడుతున్నారు. ఆయన మాట్లాడ్డం అయ్యేలోగా వచ్చేద్దాం."

"అయితే శానా టైమున్నాది" అని అప్పలనాయుడు ఇంజను స్టార్టు చేశాడు.

వెనక తలుపు తెరుచుకుంది. నూకాలమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఎవరూ పిలవలేదు. "నానూ వస్తాను. ఈపాలి నా ఎదురుగా సెప్పు" అంది.

రహదారి పక్కన జీపు ఆపి కంట్రోల్ రూముకు ఫోను చేశాను. అటువైపు ఎవరో అబ్బాయి. సవరణ మెయిలులో పంపమన్నాడు, ఆఫీసరు సంతకంతో. నేను చెప్పాను: "బాబూ, నీ దగ్గర కలం ఉందా? కాగితం ఉందా? నేను ఒక్కో పేరు చెబుతాను. నువ్వు రాసి, తిరిగి నాకు చదివి వినిపించు. నా పేరు కూడా రాసుకో. రేపు ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు." మంచి పిల్లాడు. రాసుకున్నాడు.

"ఏ దానయ్య? ఆ తీరంలో దానయ్యలు చాలామంది ఉంటారు కదండీ" అన్నాడు.

నేను నూకాలమ్మ వైపు చూశాను. ఆమె ఫోను నా చేతిలోంచి లాక్కుంది. "నీలం రంగు పడవ బాబూ. అంచుకి తెల్ల గీత ఉంటాది. మా ఆయన కుడి సేతి మీద నా పేరు పచ్చబొట్టు ఉన్నాది. ఆల మావకి ఎడం సెవి ఇనిపించదు. గట్టిగా అడగాల, నేకపోతే పలకడు." ఇవేవీ మా జాబితాలో లేవు. మేం అడగనే లేదు.

ఆ సాయంత్రమే కబురు వచ్చింది. ముగ్గురూ ఒడిశా తీరంలో ఒక బడిలో ఉన్నారు. ఇంజను చెడి అటు కొట్టుకుపోతే అక్కడి జాలరులు ఒడ్డుకు చేర్చారు. తర్వాత దానయ్య చెప్పగా విన్నాను. ఆ మధ్యాహ్నమే ఒక ఉద్యోగి జాబితా పట్టుకుని ఆ బడికి వచ్చాడట. వీళ్లు "బాబూ, మేం తప్పిపోనాం, మా ఊరు కబురు పెట్టండి" అంటే, అతను జాబితా పై నుంచి కింది దాకా చూసి, "మీ పేర్లు ఇందులో లేవు. మీరు తప్పిపోలేదు" అని వెళ్లిపోయాడట.

అతన్ని తప్పు పట్టను. అతని చేతిలో ఉన్నది నేను జీపులో తయారుచేసిన కాగితం.

శాలువా, మెమో

ఆ నెలాఖరుకు ఒక సభలో వెంకటరత్నంగారికి శాలువా కప్పారు. విపత్తు సమయంలో క్షేత్ర స్థాయిలోనే సాంకేతిక పరిజ్ఞానం వినియోగించి ముగ్గురి ఆచూకీ కనుగొన్నందుకు. ఆయన వినయంగా తల వంచి కప్పించుకున్నారు. ఆ వార్తకు ప్రెస్ నోటు టైపు చేసింది నేనే, యూనికోడ్‌లో.

అదే వారంలో నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా పై కార్యాలయంతో మాట్లాడినందుకు, ప్రభుత్వ వాహనం తీసుకెళ్లినందుకు సంజాయిషీ ఇవ్వాలట. దాన్ని టైపు చేసింది కూడా నేనే. ఆయన చెబుతుంటే రాసుకున్నాను. ఒకచోట ఆయన వాక్యం కుదరకపోతే కుదిర్చి పెట్టాను.

జవాబులో తప్పు ఎలా జరిగిందో, ఏ వరస కదిలిందో, ఏది కదల్లేదో వివరంగా రాశాను. పొరపాటు నాదేనని, దాన్ని దిద్దడానికి రేపటి దాకా ఆగలేకపోయానని రాశాను. ఆయన అది చివరి దాకా చదివారు. ఆ తర్వాత ఫైలు మూసేశారు. "ఎస్తేరుగారూ, ఆ రోజు నేను కూడా మెట్లెక్కే ముందు ఒకసారి సరిచూసుకుని ఉండాల్సింది" అన్నారు. ఆయన నోటి వెంట నేను విన్న ఒకే ఒక్క ఒప్పుకోలు అది. శాలువా మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

కాబట్టి, మా తమ్ముడి కూతురికీ మిగతా పిల్లలకూ నేను చెప్పేది ఇది. చవకదే కొనుక్కోండి. చిన్న లాప్‌టాప్ పాతదైనా పర్వాలేదు. ఫోను ఉండనే ఉంది. ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. ఖరీదైన దానితోనూ నేను ఇదే తప్పు చేసేదాన్ని, ఇంకాస్త వేగంగా చేసేదాన్ని. మనుషుల పేర్లున్న పట్టికను ఫోనులో సర్దకండి. సర్దక తప్పకపోతే, పంపే ముందు ఒక్కో మనిషినీ అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో చదవండి. అక్షర క్రమం ఎందుకని అడగండి. అడిగితే ఉద్యోగం పోదు. నేను అడగకుండా ముప్పై మూడేళ్లు నెట్టుకొచ్చాను కాబట్టి చెబుతున్నాను, అడగకపోవడం వల్లనే పోయేవి ఎక్కువ.

మళ్లీ ఆ పల్లెలో

వాళ్లు ముగ్గురూ రైలెక్కి విజయనగరం వచ్చి, అక్కణ్నుంచి పల్లె చేరాక, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నేను బస్సెక్కి వెళ్లాను. జీపు కాదు, పని మీద కాదు. క్షమాపణ చెప్పుకుందామని. ఏం మాట్లాడాలో దారి పొడుగునా మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను.

నూకాలమ్మ వల పక్కన కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేవలేదు. నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"సమాపణలు నాకొద్దు. ఆ రోజు నా పానం నా సేతిలో పెట్టి, మళ్లీ నాగేసుకున్నావు. దానికి ఏటి సెప్తావు నువ్వు?"

ఆమె ఎదురుగా ఇసకలో కూర్చున్నాను.

"ఆ ఫోను తెచ్చినావా?"

"తెచ్చాను."

"సదువు. అందరివీ సదువు. ఎవుల పక్కన ఏటి రాసినావో నాను ఇనాల."

ఆమె కేకేసింది. ఆ గొంతుకు పల్లె పల్లెంతా వచ్చింది. షెల్టరు మెట్ల మీద కూర్చుని, దిద్దిన జాబితా తెరిచి, వేలు పెట్టి, మొదటి పేరు నుంచి చదివాను. పేరు చదివి ఆగితే, ఆ మనిషి "ఉన్నాను" అనేవాడు. అప్పుడు "వచ్చారు" అని చదివేదాన్ని. ఎర్రయ్య పేరు చదివితే జవాబు రాలేదు. మళ్లీ చదివాను. పక్కవాడు అతని కుడి చెవిలో అరిచాక "ఆ, ఉన్నాను, ఉన్నాను" అన్నాడు. దానయ్య పేరు దగ్గర అందరూ నూకాలమ్మ వంక చూశారు. ఆమె తల తిప్పకుండా నా వేలినే చూస్తోంది. ఒకరిద్దరు వేటకు పోయి ఉన్నారు. వాళ్ల బదులు వాళ్ల తల్లులు పలికారు, వాళ్ల మాట నూకాలమ్మ ఒప్పుకున్నాకనే నన్ను ముందుకు సాగనిచ్చింది.

ముప్పై నాలుగూ అయ్యాయి. ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. నూకాలమ్మ లేచి చీర దులుపుకుంది.

"సరే. ఇంక ఎల్లు. బస్సు పోతాది."

వెళ్లాను.